మలుపులో ఎంత వేగం క్షేమం? బోర్డు మీది అంకె చెప్పేది కొంతే

సంక్షిప్తంగా: మలుపులో క్షేమంగా వెళ్లగల వేగం అన్ని బళ్లకూ, అన్ని వేళలా ఒకటే కాదు. టైరు పట్టు, బండి ఎత్తు, కనుచూపు దూరం, రోడ్డు వాలు వేర్వేరుగా హద్దులు పెడతాయి. వాటిలో అన్నిటికన్నా తక్కువదే ఆ బండికి ఆ పూట అసలు హద్దు. ఘాట్ రోడ్ల మీద కారుకు ఆ హద్దును ఎక్కువగా కనుచూపే నిర్ణయిస్తుంది, లోడు లారీకి దాని ఎత్తు నిర్ణయిస్తుంది. టైరు పట్టు దాకా వ్యవహారం వెళ్లిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

2019 నవంబరు 4న హైదరాబాద్ బయోడైవర్సిటీ కూడలి దగ్గర కొత్త ఫ్లైఓవర్ తెరుచుకుంది. మూడు వారాలు తిరగకముందే, అదే నెల 23న, ఒక కారు దాని మలుపులో అదుపు తప్పి పిట్టగోడ మీదుగా కింది రోడ్డు మీద పడింది. కింద ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది. ఫ్లైఓవర్ మీద వేగ పరిమితి గంటకు 40 కి.మీ. కారు మాత్రం 100 కి.మీ. దరిదాపుల్లో వచ్చిందని అప్పట్లో వెల్లడైంది. వెంటనే వాదన రెండుగా చీలింది. నగరం నడిబొడ్డున అంత వంపు పెట్టడమే తప్పని కొందరు, బోర్డు చూడని డ్రైవరుదే తప్పని మరికొందరు అన్నారు. నిపుణుల పరిశీలన తర్వాత, వేగాన్ని తగ్గించే ఏర్పాట్లు చేసి 2020 జనవరి 4న ఫ్లైఓవర్‌ను మళ్లీ తెరిచారు.

ఆ వాదనలో పెద్దగా చర్చకు రాని ప్రశ్న ఒకటుంది. 40 అనే అంకె ఎక్కడి నుంచి వస్తుంది? 45తో వెళ్తే ఏమవుతుంది, 60తో వెళ్తే ఏమవుతుంది? రోజూ మలుపులు తిరిగే లక్షల మందికి దీని సమాధానం తెలియదు. తెలియకపోవడం వారి తప్పు కాదు. లైసెన్సు పరీక్షలో గుర్తులు అడుగుతారు గానీ, ఆ గుర్తు వెనకున్న లెక్క ఎవరూ చెప్పరు.

వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు

కదిలే బండి నేరుగానే పోతుంది. దాన్ని పక్కకు తిప్పాలంటే టైర్లు రోడ్డును పట్టుకుని లోపలివైపు లాగాలి. లోపల కూర్చున్నవారికి ఇది తమను బయటికి తోస్తున్నట్టు అనిపిస్తుంది కాబట్టి ఇక్కడ దాన్ని పక్కతోపు అనుకుందాం. దాన్ని కొలిచే లెక్క చాలా చిన్నది. గంటకు కి.మీ.లలో ఉన్న వేగాన్ని దానితోనే గుణించాలి. మలుపు వ్యాసార్థాన్ని మీటర్లలో తీసుకుని 127తో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, పక్కతోపు బండి బరువులో ఎన్నో వంతో తేలుతుంది.

50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును తీసుకుందాం. ఘాట్ రోడ్లలో ఇలాంటివి కొల్లలు. 30 కి.మీ. వేగంతో తిరిగితే పక్కతోపు బండి బరువులో 14 శాతం. 40 దగ్గర 25 శాతం. 50 దగ్గర 39 శాతం. 60 దగ్గర 57 శాతం. 30 నుంచి 60కి వెళ్తే వేగం రెట్టింపే అయింది, తోపు నాలుగింతలైంది. పైగా ఒక్కో పది కి.మీ. పెరిగేకొద్దీ పెరుగుదల మరింత పెద్దదవుతోంది. చేతికి తెలిసే స్టీరింగ్ బరువు గానీ, చెవికి వినిపించే ఇంజను చప్పుడు గానీ ఆ వంతున పెరగవు. అందుకే మలుపులో వేగాన్ని ఒంటికి తెలిసిన తీరును బట్టి అంచనా వేస్తే మోసపోతాం.

ఈ తోపును రెండు భరిస్తాయి. ఒకటి టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు. రెండోది రోడ్డు బయటి అంచును లోపలి అంచు కన్నా ఎత్తుగా వేయడం. ఇంజనీర్లు దీన్ని సూపర్ ఎలివేషన్ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాల్లో ఈ ఎత్తు రోడ్డు వెడల్పులో 7 శాతం మించకూడదు. మంచు కురవని కొండ ప్రాంతాల్లో 10 శాతం దాకా పోవచ్చు. టైరు పట్టు నుంచి లెక్కలోకి తీసుకునేది బండి బరువులో 15 శాతమే. పొడి తారు రోడ్డు మీద మంచి టైరుకు బరువులో 70 శాతం దాకా పట్టు దొరుకుతుంది. అందులో ఐదో వంతును మాత్రమే వాడుకుని మిగతాదంతా అక్కరకు దాచిపెట్టడమే ప్రమాణం వెనకున్న ఆలోచన.

మైదానంలో 7, 15 కలిపి 22 శాతం. 40 కి.మీ. వేగానికి గీసిన మలుపుకు ఈ లెక్కన కనీస వ్యాసార్థం సుమారు 57 మీటర్లు. అలాంటి మలుపులోకి 100తో వెళ్తే వేగం రెండున్నర రెట్లు, తోపు ఆరుంపావు రెట్లు. అంటే బండి బరువులో 137 శాతం, బరువునే మించిపోయింది. మామూలు కారు టైరు ఏదీ అంత పట్టు ఇవ్వలేదు. ఇంత పెద్ద తేడా దగ్గర డ్రైవరు నైపుణ్యం, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ లాంటివి చేయగలిగింది తక్కువ. అవి ఉన్న పట్టును పొదుపుగా వాడతాయి, లేని పట్టును పుట్టించలేవు. మరోవైపు 50తో వెళ్లినవాడికి పొడి రోడ్డు మీద ఏమీ కాకపోవచ్చు. ఏమీ కాకపోవడం వల్లే మర్నాడు 60తో వెళ్తాడు. ప్రమాణంలో దాచిపెట్టిన అక్కర పట్టు అలా రోజువారీ ఖర్చుకు పోతుంది. వాన పడిన రోజున, టైరు అరిగిన రోజున చేతిలో మిగిలేది ఉండదు.

బోర్డు అంకె ఎవరి కోసం

మలుపుల దగ్గర సూచించే వేగం భౌతిక హద్దు అని చాలామంది అనుకుంటారు. అది నిజానికి సౌకర్యపు హద్దు. అమెరికాలో దీన్ని నిర్ణయించే పాత పద్ధతి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. వంపు తిరిగిన గాజు గొట్టంలో ద్రవం నింపి, అందులో ఒక గుండు వేసి, కారులో బిగిస్తారు. మలుపు తిరుగుతుంటే గుండు పక్కకు జరుగుతుంది. ఎన్ని డిగ్రీలు జరిగితే కూర్చున్నవారికి ఇబ్బందిగా ఉంటుందో ఆ వేగాన్ని బోర్డు మీద రాస్తారు. ఆ డిగ్రీలను దశాబ్దాల కిందటి కార్లను దృష్టిలో పెట్టుకుని వేగాన్ని బట్టి 14, 12, 10గా పెట్టుకున్నారు. కార్లు మారాయి, జనానికి వేగం అలవాటైంది. 2009 నాటి జాతీయ నియమావళి వాటిని 16, 14, 12కు పెంచింది. మలుపు అంగుళం కూడా మారలేదు, బోర్డు మీద రాయదగిన అంకె మాత్రం పెరిగింది.

మన దగ్గర ఎరుపు అంచు వలయంలోని అంకె చట్టబద్ధమైన పరిమితి. ఎరుపు అంచు త్రికోణంలోని వంపు గుర్తు హెచ్చరిక మాత్రమే. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఖరారు చేసిన గరిష్ఠ వేగాలు రోడ్డు రకాన్ని, బండి రకాన్ని బట్టి ఉంటాయి. మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు 100, మామూలు రోడ్ల మీద 70. ఆ 70 అంకెకు నల్లమల నేరు దారి, పాడేరు ఘాట్ ఒకటే. పరిమితి బోర్డు లేని మలుపులో ఎంత తగ్గాలన్నది డ్రైవరు తీర్పుకే వదిలేశారు. అందువల్ల ఆ తీర్పు దేని మీద ఆధారపడాలో తెలియడం అవసరం.

కారు జారుతుంది, లారీ ఒరుగుతుంది

పక్కతోపు హద్దు మీరితే రెండు రకాలుగా ప్రమాదం వస్తుంది. టైర్లు జారవచ్చు, లేదా బండి ఒరిగి పడవచ్చు. ఏది ముందు వస్తుందన్నది బండి వెడల్పుకూ, దాని గురుత్వ కేంద్రం ఎత్తుకూ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని ఆ ఎత్తుతో భాగిస్తే వచ్చేదే ఒరిగే హద్దు. మామూలు కార్లకు అది 1.3 నుంచి 1.5 దాకా, ఎస్‌యూవీలకు 1 నుంచి 1.3 దాకా ఉంటుంది. అంటే నున్నటి రోడ్డు మీద కారు ఒరగడానికి చాలా ముందే జారుతుంది. అంచున ఉన్న రాయికో గోడకో చక్రం తగిలినప్పుడు పల్టీ కొడుతుంది.

నిండు లోడుతో ఉన్న లారీకి ఈ హద్దు 0.4 లోపే. 50 మీటర్ల మలుపులో 50 కి.మీ. దగ్గర తోపు 39 శాతం, అంటే 0.39 అని పైన చూశాం. రోడ్డు వాలు కొంత ఆదుకున్నా, కారు డ్రైవరుకు కాస్త చురుగ్గా అనిపించే వేగం దగ్గర లారీ లోపలివైపు చక్రాలు తేలడం మొదలవుతుంది. పొడి రోడ్డు పట్టు 0.7 కాబట్టి లారీ జారదు, జారకముందే ఒరుగుతుంది. జారే బండి కాస్త ముందుగా హెచ్చరిస్తుంది. ఒరిగే బండి క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి ఆ వ్యవధి ఇవ్వదు. వెనక లోడు అప్పటికే వంగి ఉంటుంది, ముందున్న డ్రైవరుకు ఆ సంగతి చివరిదాకా తెలియదు.

పత్తి బేళ్లు, వరిగడ్డి మోపులు ఎత్తుగా కట్టిన బళ్లకు హద్దు ఇంకా తక్కువ. సగం నిండిన ట్యాంకర్‌లో ద్రవం మలుపులో బయటివైపు పోటెత్తి ఉన్న కాస్త నిలకడనూ తగ్గిస్తుంది. మూడు చక్రాల ఆటోకు ముందు ఒకే చక్రం కావడంతో పీఠం త్రికోణం. మలుపులో బ్రేకు వేస్తే బరువు ఆ కొస వైపు పోయి ఒరగడం తేలికవుతుంది. పొలం పనులకు కూలీలను కిక్కిరిసి ఎక్కించుకుని మలుపు తిరిగే ఆటోకు, అదే దారిలో పోయే కారుకు ఒకే అంకె చూపించే బోర్డు సగమే పనిచేస్తుంది. బస్సులో నిలబడిన ప్రయాణికులు కూడా గురుత్వ కేంద్రాన్ని పైకి జరుపుతారు.

ద్విచక్ర వాహనం లెక్క వేరు. అది ఒరగడం ద్వారానే తిరుగుతుంది. 50 మీటర్ల మలుపులో 40 దగ్గర సుమారు 14 డిగ్రీలు, 60 దగ్గర సుమారు 30 డిగ్రీలు వంచాలి. మలుపు లోపలి అంచున వాన కొట్టుకొచ్చిన ఇసుకో, టిప్పర్ నుంచి జారిన కంకరో ఉంటే ఆ 30 డిగ్రీలకు కావాల్సిన పట్టు అక్కడ దొరకదు.

కనుచూపే అసలు కొలత

టైరు, బండి ఎత్తు చెప్పే హద్దులు రెండూ దారి ఖాళీగా ఉందన్న నమ్మకం మీద ఆధారపడినవి. కొండ మలుపులో ఆ నమ్మకానికి ఆధారం లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ డ్రైవరుకు చూసి, గ్రహించి, బ్రేకు తొక్కడానికి 2.5 సెకన్లు ఇస్తుంది. ఆ తర్వాత బండి ఆగే దూరం కలిపితే 30 కి.మీ. వేగానికి 30 మీటర్లు, 40కి 45, 50కి 60, 80కి 120 మీటర్లు కావాలి. కనబడుతున్న దారి అంతకన్నా తక్కువైతే వేగం ఎక్కువైనట్టే, టైర్లు ఎంత కొత్తవైనా సరే.

మళ్లీ అదే 50 మీటర్ల మలుపు. ఎడమకు తిరుగుతోంది, ఎడమ పక్కనే కొండ. డ్రైవరు నడిచే గీతకు 3 మీటర్ల దూరంలో బండరాయి గోడలా ఉందనుకుందాం. క్షేత్రగణితం లెక్కన ముందు కనిపించే దారి సుమారు 35 మీటర్లు. దానికి సరిపోయే వేగం 33 కి.మీ. అదే మలుపును ఎదురు దిశలో, కుడికి తిరుగుతూ వచ్చే బండికి మధ్యలో ఒక వరుస రోడ్డు అదనంగా ఉంటుంది కాబట్టి 51 మీటర్ల దాకా కనిపిస్తుంది, వేగం 44 దాకా పోవచ్చు. ఒకే మలుపు, రెండు దిశల్లో రెండు వేగాలు. ఎడమవైపు నడిచే మన దేశంలో కొండను ఎడమన పెట్టుకుని తిరిగే మలుపులే ఎక్కువ గుడ్డి మలుపులు కావడానికి కారణం ఇదే.

ఈ లెక్కలోనూ ఎదుటి బండి తన వరుసలోనే వస్తుందన్న ఊహ ఉంది. రోడ్డు ఇరుకై, ఇద్దరూ ఒకే దారిలో ఎదురుపడే చోట కనబడే దూరాన్ని ఇద్దరూ సగం సగం పంచుకోవాలి. అప్పుడు 35 మీటర్లలో ఒక్కొక్కరికీ 17 మీటర్లే. దానికి తగిన వేగం 20 లోపే. పొడి రోడ్డు మీద అదే మలుపులో కారు టైరు 60కి కూడా పట్టు ఇస్తుందని పైన తేలింది. 60 ఎక్కడ, 20 ఎక్కడ! బండి అదుపులోనే ఉందన్న ధీమాతో ఎదురుగా వచ్చే బస్సును గుద్దేవారంతా ఈ రెండు అంకెల మధ్య ఖాళీలో ఉన్నవారే.

పొగమంచు ఈ దూరాన్ని మరీ కుదించేస్తుంది. చలికాలంలో లంబసింగి, అరకు దారుల్లో తెల్లవారుజామున పది ఇరవై మీటర్లకు మించి కనబడని పూటలు ఉంటాయి. అప్పుడు నడక కన్నా కాస్త ఎక్కువ వేగమే లెక్కకు నిలుస్తుంది. రాత్రిళ్లు హెడ్‌లైటు నేరుగా లోయవైపు పడుతుంది, వంపులో దారి చీకట్లోనే ఉంటుంది. ఎదుటి బండి లైటు వెలుగు ముందే తెలిసిపోవడం రాత్రికున్న ఒక సౌలభ్యం. లైట్లు లేకుండా ఆగిపోయిన లారీకి, రోడ్డు మీద పడుకున్న పశువుకు అది వర్తించదు.

మలుపులో బ్రేకు ఎందుకు పనికిరాదు

టైరుకున్న పట్టు ఒకటే మూట. తిరగడానికి కొంత, ఆగడానికి కొంత అందులోంచే తీయాలి. తడి రోడ్డు మీద పట్టు 40 శాతం అనుకుంటే, 50 మీటర్ల మలుపులో 50 కి.మీ. వేగానికి తిరగడానికే 39 శాతం ఖర్చయిపోతుంది. బ్రేకు కోసం మిగిలేది 7 శాతం. రెండూ లంబ దిశల్లో పనిచేస్తాయి కాబట్టి మామూలు తీసివేత కుదరదు, అయినా ఫలితం దాదాపు శూన్యమే. అదే వేగాన్ని మలుపుకు ముందు, నేరుగా ఉన్న చోట 35కు దించి ఉంటే తిరగడానికి 19 శాతం సరిపోయేది, బ్రేకుకు 35 శాతం మిగిలేది. మలుపుకు ముందే వేగం తగ్గించి, గేరు దించి, లోపల నిలకడగా పోవాలని పాత డ్రైవర్లు చెప్పేది ఈ లెక్కే.

తగ్గించాల్సిన వేగాన్ని కళ్లు సరిగ్గా చెప్పవు. గంటసేపు 120లో వెళ్లినవారికి 60 దాదాపు ఆగినట్టు ఉంటుంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. 120 నుంచి దిగుడు దారి వంపులో 40కి రావాలంటే వేగం మూడో వంతుకు, పక్కతోపు తొమ్మిదో వంతుకు తగ్గాలి. ఇలాంటి చోట స్పీడోమీటరు చూడటం తప్ప వేరే నమ్మకమైన దారి లేదు.

దిగేటప్పుడు లెక్క మారుతుంది

కొండ దిగే బండి ఎత్తులో దాగిన శక్తినంతా ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. తిరుమల, తిరుపతిల మధ్య ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. 15 టన్నుల బస్సు ఆ ఎత్తు దిగితే వచ్చే శక్తి దాదాపు 350 లీటర్ల నీటిని మరిగించడానికి సరిపోతుంది. అదంతా బ్రేకు డ్రమ్ముల్లోకే పోతే లైనింగు వేడెక్కి పట్టు సడలుతుంది. డ్రైవరు పెడల్ తొక్కుతూనే ఉంటాడు, బండి మాత్రం వేగం అందుకుంటుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే గేరు అన్న సూత్రం ఇంజను చేత ఆ వేడిని మోయించడానికే. న్యూట్రల్‌లో దింపితే ఆ సాయం పూర్తిగా పోతుంది. విద్యుత్ బస్సుల్లో మోటారే బ్రేకుగా మారి బ్యాటరీని నింపుతుంది. కొండ మీదే నిండా చార్జి చేసి బయలుదేరితే బ్యాటరీలో చోటు లేక ఆ సాయం తగ్గుతుంది.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. సామర్థ్యానికి బాగా మించి ప్రయాణికులున్న బస్సు, గుట్ట దిగే నిటారు వాలు, చివర్లో మలుపు అక్కడ కలిశాయి. బరువు పెరిగితే బ్రేకు మోయాల్సిన వేడి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. నిలబడిన జనం ఒరిగే హద్దును దించుతారు. ఆ రెండూ ఎదురైన చోట మామూలు రోజున సరిపోయిన వేగం సరిపోదు.

దారి దాదాపు వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపులకు ప్రమాణం కనీసం 14 మీటర్ల వ్యాసార్థం, 20 కి.మీ. వేగం. ఆ వేగంలో తోపు 22 శాతం. 30తో తిరిగితే 51 శాతం, 40తో తిరిగితే 90 శాతం. ఇక్కడ పది కి.మీ. తేడా లోడు లారీని పడగొట్టడానికి చాలు. ఇరుకు చోట దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాలన్న నిబంధన కూడా ఈ వాలు కోసమే. ఎక్కే బండి ఆగితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారే ప్రమాదం కూడా ఉంటుంది.

సగటు వేగం అనే ఉపాయం, దాని పరిమితి

తిరుమల ఘాట్ రోడ్లలో తిరుమల తిరుపతి దేవస్థానం వేరే పద్ధతి పాటిస్తోంది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. అంతకు ముందే చేరితే జరిమానా. సుమారు 18 కి.మీ. దారికి ఇది ఎక్కేటప్పుడు గంటకు 39, దిగేటప్పుడు 27 కి.మీ. సగటు. దిగే దారికి ఎక్కువ సమయం కేటాయించడం శాస్త్రీయమైన నిర్ణయం. రాడార్ ఎక్కడుందో కనిపెట్టి అక్కడ మాత్రమే తగ్గే అలవాటుకు ఇది అడ్డుకట్ట వేస్తుంది. తొందరపడి మిగిల్చుకున్న నిమిషాలు చివర్లో పనికిరావని తెలిసినప్పుడు తొందర తగ్గుతుంది.

అయితే సగటు మలుపును చూడదు. నేరు దారిలో 50, హెయిర్‌పిన్‌లో 30 పెట్టి, కిందికి వచ్చాక పక్కన ఆగి నిమిషాలు పూర్తిచేసినా కనీస సమయం లెక్క సరిపోతుంది. ఎత్తైన లోడుకు, ఖాళీ కారుకు అదే 40 నిమిషాలు. దీనికి తోడుగా మలుపుకు ముందున్న నేరు దారిలోనే వేగాన్ని కొలిచే ఏర్పాటు, బస్సులకూ లారీలకూ విడిగా తక్కువ అంకె చూపే బోర్డు, కొండను ఎడమన పెట్టుకుని తిరిగే మలుపుల్లో కుంభాకార అద్దాలు ఉంటే సగటు వదిలేసిన ఖాళీ చాలావరకు పూడుతుంది. కొత్త రోడ్డు కన్నా వీటికయ్యే ఖర్చు చాలా తక్కువ. ఏ మలుపులో ముందు పెట్టాలో తేల్చడానికి టేపు పట్టుకుని బండరాయి దూరం, వంపు వ్యాసార్థం కొలిస్తే చాలు.